దీపమును లెక్కల పుస్తకమును



మన సంఘములలోని ఆడబిడ్డలు నర్సు చదువు చదివి ఆసుపత్రులలో పని చేయుట మనకు క్రొత్త సంగతి కాదు. గోదావరి ఉత్తరముగా తిరిగి పారు ఈ చెన్నూరు మొదలుకొని మంచిర్యాల, కరీంనగరము, హైదరాబాదు వరకును, అక్కడినుండి గల్ఫు దేశములు, ఇంగ్లాండు, అమెరికా వరకును మన పల్లెల బిడ్డలు రోగుల మంచముల యొద్ద నిలిచియున్నారు. అయితే ఈ మధ్య మన యిండ్లలో ఒక క్రొత్త మాట వినబడుచున్నది. బి.ఎస్సి. నర్సింగు, ఎం.ఎస్సి. నర్సింగు ముగించి, కొన్ని సంవత్సరములు వార్డులలో పని చేసిన బిడ్డ యింటికి వచ్చి, నర్సింగులో డాక్టరేటుకు దరఖాస్తు పెట్టుకొందునని చెప్పుచున్నది.

అప్పుడు ఆ యింటిలో ఏమి జరుగును? తల్లి, "బిడ్డా, ఇంకెంత సదువుతవు? పెండ్లీడు దాటిపోతలేదా?" అని అడుగును. తండ్రి, "నర్సుకు డాక్టరు పట్టమేంది? డాక్టరు కావాలనుంటే మొదట్నే ఆ సదువు సదువకపోయినవా?" అనును. ఆ సాయంకాలము ప్రార్థనకు వచ్చిన సంఘపెద్ద, "సేవ చేయుటకు పట్టమెందుకమ్మా? ప్రేమ ఉంటే చాలదా?" అనును. బిడ్డ మారు మాటాడక కాగితములు మడిచి పెట్టెలో పెట్టుకొనును. దరఖాస్తు గడువు తేదీ దాటిపోవును.

ఈ మూడు మాటలలో సంఘపెద్ద చెప్పినది ఎక్కువ భక్తిగలదిగా కనబడుచున్నది. కావున దానినే ఎక్కువ జాగ్రత్తగా పరిశీలింపవలెను. రోగికి ప్రేమ చాలునా, చాలదా? ఈ ప్రశ్నకు నర్సుల చరిత్రయే జవాబిచ్చుచున్నది. ఆ చరిత్రను కొంచెము ఓపికతో నాతోకూడ చదువుడి. తరువాత ఆ దరఖాస్తు కాగితమును మరల పెట్టెలోనుండి తీసి చూతము.

మొదట దేవుని వాక్యమును చూడుడి. మంచి సమరయుని సంగతి మనకందరికి తెలిసినదే. అతడు గాయపడినవానిని చూచి జాలిపడెను. అయితే ఆ జాలి అక్కడనే నిలిచిపోలేదు. నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టెను, తన వాహనముమీద ఎక్కించెను, పూటకూళ్ల యింటికి చేర్చెను, మరునాడు ఖర్చుకు సొమ్ము లెక్కపెట్టి యిచ్చెను, ఎక్కువైనది తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని మాట యిచ్చెను. అతని జాలికి తెలివియు తోడైయుండెను, లెక్కయు తోడైయుండెను. రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయములో ఫీబే అను సహోదరిని చూచుచున్నాము. ఆమె కెంక్రేయలోని సంఘ పరిచారకురాలు, అనేకులకు సహాయురాలు. తొలి సంఘమునుండియే స్త్రీలు ఇట్టి పరిచర్యకు ఏర్పరచబడిరి.

శతాబ్దములు గడచిన తరువాత ఈ పరిచర్యను క్రమమైన విద్యగా మార్చినవారిలో ఒక పల్లె కాపరి కలడు. జర్మనీ దేశములో రైను నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అను చిన్న ఊరిలో థియొడోర్ ఫ్లీడ్నరు అను లూథరను పాదిరిగారును ఆయన భార్య ఫ్రీడరికేయు 1836లో పరిచారికల గృహమును స్థాపించి, సామాన్య కుటుంబముల స్త్రీలకు రోగిసేవ నేర్పిరి. 1851లో అక్కడికి శిక్షణ కొరకు వచ్చిన ఒక ఇంగ్లీషు స్త్రీ పేరు ఫ్లారెన్సు నైటింగేలు.

ఈ నైటింగేలమ్మ 1820 మే 12న ధనవంతుల కుటుంబములో పుట్టెను. పదునారేండ్ల ప్రాయములో, 1837 ఫిబ్రవరి 7న, దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె వ్రాసిపెట్టుకొనెను. అయితే ఆ కాలములో ఆసుపత్రి నర్సు పని గౌరవముగల స్త్రీ చేయదగిన పని కాదని ఎంచబడుచుండెను. తల్లియు అక్కయు ఒప్పుకొనలేదు. పిలుపు వచ్చిన దినమునుండి శిక్షణకు వెళ్లిన దినము వరకు పదునాలుగేండ్లు గడచినవి. ఇంటివారి అడ్డంకి చెన్నూరులోనే పుట్టలేదని మనము గ్రహింపవలెను.

1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో తురుష్క దేశమందలి స్కుటారి అను చోటికి, క్రిమియా యుద్ధములో గాయపడిన సైనికుల ఆసుపత్రికి వచ్చెను. రాత్రివేళ దీపము చేతబట్టుకొని మంచముల మధ్య తిరిగిన ఆ తల్లి చిత్రమును మనము బడి పుస్తకములలో చూచియున్నాము. నర్సింగు బడులలో బిడ్డలు నేటికిని దీపము పట్టుకొని ప్రమాణము చేయుచున్నారు.

అయితే ఆ చిత్రములో కనబడని సంగతి ఒకటి కలదు. దీపముతో ఆమె తిరిగిన ఆ చలికాలములో మరణములు తగ్గలేదు సరికదా, పెరిగెను. 1855 ఫిబ్రవరిలో అక్కడ చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 42 మంది చనిపోయినట్లు లెక్కలు తెలుపుచున్నవి. ఆమె ప్రేమలో లోపము లేదు. అయితే ఆ ఆసుపత్రి భవనము క్రింద మురుగు కాలువలు పూడిపోయియుండెను, గాలి చెడియుండెను, నీరు చెడియుండెను. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన పారిశుధ్య సంఘమువారు వచ్చి కాలువలు కడిగించి, గాలి ఆడునట్లు చేసి, గోడలకు సున్నము వేయించిరి. జూను నాటికి మరణములు నూటికి సుమారు రెండుకు దిగెను.

యుద్ధము ముగిసి 1856లో ఇంటికి తిరిగి వచ్చిన తరువాత ఆమె ఆ లెక్కలను ముందర పెట్టుకొని కూర్చుండెను. విలియం ఫార్ అను గణాంక పండితుని సహాయముతో ఒక్కొక్క నెల మరణములను పరిశీలించెను. గాయములచేత చనిపోయినవారికంటె మురికివలన కలిగిన రోగములచేత చనిపోయినవారే ఎక్కువమందియని తెలిసికొనెను. తాను ప్రేమతో కాచిన ఆ వార్డులలోనే, నివారింపదగిన కారణముచేత, అంతమంది చచ్చిరను సత్యమును ఆమె దాచిపెట్టలేదు. దానిని రంగుల పటముగా గీచి ప్రభుత్వము ఎదుట పెట్టెను. 1858లో ఇంగ్లాండులోని గణాంక శాస్త్ర సంఘమునకు సభ్యురాలుగా ఎన్నికైన మొదటి స్త్రీ ఆమెయే. 1860లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రిలో ఆమె పేరట నర్సుల బడి ప్రారంభమాయెను. మన దేశమునకు ఆమె ఎన్నడును రాలేదు. అయినను ఇక్కడి సైనిక స్థావరములకు ప్రశ్నల పత్రములు పంపించి, నీరు ఎక్కడిది, మురుగు ఎటు పోవుచున్నది, ఎంతమంది చచ్చిరి అని అడిగి తెలిసికొనెను. ఆ విచారణ నివేదిక 1863లో వెలువడెను.

చదువరీ, సంఘపెద్ద అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు ఇది. దీపము లేనియెడల రోగి ఒంటరిగా చచ్చును. లెక్కల పుస్తకము లేనియెడల రోగి మన ప్రేమ మధ్యనే చచ్చును. నర్సు చేతిలో ఈ రెండును ఉండవలెను. రెండవదానిని శ్రద్ధగా నేర్పునదే ఈ ఉన్నత విద్య.

ఇక మన తెలుగు దేశమునకు వత్తము. 1883లో డాక్టరు అన్నా సారా కుగ్లరమ్మ అమెరికా లూథరను మిషనువారి పక్షముగా గుంటూరుకు వచ్చి, 1930లో కన్ను మూయువరకు స్త్రీలకును పిల్లలకును వైద్యము చేసెను. మన నిజామాబాదు ప్రాంతములో డిచ్‌పల్లి యొద్ద డాక్టరు ఇసబెల్ కెర్రమ్మయు ఆమె భర్త జార్జి కెర్రు పాదిరిగారును 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రిని స్థాపించిరి. ఊరిలోనుండి వెళ్లగొట్టబడినవారు అక్కడ మనుష్యులుగా ఎంచబడిరి. ఇట్టి ఆసుపత్రులలో దొరసానమ్మల ప్రక్క నిలిచి కట్టు కట్టినవారు, రాత్రి కాపలా కాచినవారు ఎవరు? అనేక చోట్ల మన పేద క్రైస్తవ కుటుంబముల కుమార్తెలే. ఎవరి తలిదండ్రులను ఊరి బావి యొద్దకు రానీయలేదో, వారి బిడ్డల చేతినుండియే ఊరి పెద్దలు జబ్బు పడినప్పుడు మందును నీళ్లును పుచ్చుకొనవలసి వచ్చెను. ఆ చేతులు చేసిన ప్రసంగమును ఏ పాదిరియు చేయలేదు.

వేలూరు సంగతియు మీకు తెలిసియుండును. తమిళ దేశములో తిండివనమను ఊరిలో ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ప్రసవవేదనలోనున్న తమ భార్యలను చూచుటకు రమ్మని ఐడా స్కడ్డరను యౌవనురాలిని బతిమాలిరి. ఆమె వైద్యము నేర్చినది కాదు. ఆమె తండ్రి వైద్యుడే గాని, పురుషుడు గనుక అతనిని వారు రానీయలేదు. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ యువతి అమెరికాకు వెళ్లి 1899లో వైద్య పట్టము పొంది తిరిగి వచ్చి, 1902లో వేలూరులో ఆసుపత్రి తెరచెను. అయితే తన రెండు చేతులతో ఎంతమందిని కాపాడగలదు? కావున ఆమె 1909లో నర్సుల బడిని, 1918లో స్త్రీల వైద్య పాఠశాలను ప్రారంభించెను. ఆ రాత్రి ఆమెకు కన్నీళ్లకేమియు కొదువలేదు. కొదువైనది విద్య.

ఆ విద్య మన దేశములో మెట్టు వెంట మెట్టుగా ఎదిగెను. 1946లో వేలూరులోను ఢిల్లీలోను నర్సింగునకు బి.ఎస్సి. పట్టము ప్రారంభమాయెను. 1947లో ఇండియను నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చెను. 1959లో ఢిల్లీ నర్సింగు కళాశాలలో ఎం.ఎస్సి. ఆరంభమాయెను. 2005లో నర్సింగు కౌన్సిలువారు బెంగుళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయముతోను ప్రపంచ ఆరోగ్య సంస్థతోను కలిసి, నర్సింగులో పిహెచ్.డి. కొరకు దేశమంతటికిని ఒక ఏర్పాటు చేసిరి. 2023లో పార్లమెంటు నర్సింగు, మిడ్‌వైఫరీ విద్యలను క్రమపరచుటకు క్రొత్త చట్టము చేసెను. ఒకప్పుడు రాత్రి దీపము వెలుతురులో కట్టు కట్టుట మాత్రమే నేర్చిన పరిచారిక మనుమరాలు నేడు విశ్వవిద్యాలయపు చివరి మెట్టు యొద్ద నిలిచియున్నది.

ఇప్పుడు అమెరికా దేశములోని ఒక కొండ సీమకు మిమ్మును తీసికొనిపోయెదను. ఏలయనగా, మన బిడ్డ దరఖాస్తు పెట్టదలచిన ఉన్నత నర్సింగు పరిచర్యకు అక్కడ లోతైన వేరు కలదు, ఆ సీమ మన సీమవంటిదే. కెంటకీ రాష్ట్రపు తూర్పు భాగమున కొండలు, అడవులు, వాగులు, బొగ్గు గనులు కలవు. మన చెన్నూరు తాలూకాకు ఒక ప్రక్క గోదావరి, మరియొక ప్రక్క ప్రాణహిత, దాపున మందమర్రి, శ్రీరాంపూరు బొగ్గు గనులు ఉన్నట్లే. మేరీ బ్రెకెన్‌రిడ్జి అను స్త్రీకి ఇద్దరు బిడ్డలు పుట్టిరి. కుమార్తె 1916లో పుట్టిన కొన్ని గంటలకే చనిపోయెను. కుమారుడు 1918లో నాలుగేండ్ల వయస్సులో చనిపోయెను. ఆ తల్లి తన దుఃఖమును ఇతరుల బిడ్డల రక్షణకు అర్పించెను. అయితే నేరుగా కొండలకు పరుగెత్తలేదు. నర్సు విద్య ముందే కలదు. 1923లో గుఱ్ఱమెక్కి కొండ గ్రామములన్నియు తిరిగి అక్కడి మంత్రసానులతో మాటాడి, వారు ఏమి చేయుచున్నారో వ్రాసికొనెను. తరువాత ఇంగ్లాండుకు వెళ్లి ప్రసూతి విద్యయు నేర్చుకొని, 1925లో తన సేవాసంస్థను స్థాపించెను. ఆమె నర్సులు గుఱ్ఱములమీద వాగులు దాటి వెళ్లి కాన్పులు చేసిరి. ప్రతి తల్లిని, ప్రతి బిడ్డను పుస్తకములో వ్రాసిరి. ఇక్కడను దీపమును లెక్కల పుస్తకమును కలిసియే నడచెను.

1965లో కొలరాడో విశ్వవిద్యాలయములో లొరెట్టా ఫోర్డు అను ప్రజారోగ్య నర్సు, హెన్రీ సిల్వరు అను పిల్లల వైద్యునితో కలిసి, నర్సుకు ఇంకను ఎక్కువ విద్య నేర్పి, సామాన్య రోగములను తానే పరీక్షించి చికిత్స చేయగలుగునట్లు ఒక క్రొత్త శిక్షణను ప్రారంభించెను. పల్లెలలో వైద్యులు లేని కొరతను ఆమె కన్నులార చూచినది. ఆ శిక్షణ పొందినవారిని నర్సు ప్రాక్టీషనర్లని పిలిచిరి. ఆ లొరెట్టా ఫోర్డమ్మ 104 ఏండ్లు బ్రదికి 2025 జనవరిలో కన్ను మూసెను. 2001లో కెంటకీ విశ్వవిద్యాలయము, అనగా గుఱ్ఱములమీద నర్సులు తిరిగిన ఆ రాష్ట్రపు విశ్వవిద్యాలయమే, డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీసు అను పట్టమునకు చదువు ప్రారంభించెను. దీనినే డి.ఎన్.పి. అందురు. 2004లో అమెరికా నర్సింగు కళాశాలల సంఘము ఉన్నత నర్సింగు పరిచర్యకు ఈ పట్టమే తగినదని తీర్మానించెను.

పిహెచ్.డి.కిని డి.ఎన్.పి.కిని భేదమేమి అని మీరడుగవచ్చును. మా దైవశాస్త్ర విద్యలోను ఇట్టి భేదము కలదు గనుక దానితో చెప్పెదను. దైవశాస్త్ర పండితుడై క్రొత్త జ్ఞానమును వెదకువానికి ఒక డాక్టరేటు కలదు. సంఘములో కాపరిగా నుండి, తన సంఘపు అవసరమునే పరిశీలించి పరిచర్యను చక్కబరచుకొనువానికి మరియొక డాక్టరేటు కలదు. ఆలాగే పిహెచ్.డి. చేయు నర్సు ఇంతవరకు ఎవరికిని తెలియని సంగతిని కనుగొనుటకు పరిశోధించును. డి.ఎన్.పి. చేయు నర్సు తెలిసిన సంగతిని రోగి మంచము యొద్దకు తెచ్చి, తన వార్డులో దానిని అమలు జరిపి, ఫలితమును లెక్కించి చూపించును. 2006లో ప్రకటించిన నియమముల ప్రకారము, బి.ఎస్సి. తరువాత తక్కువ పక్షము 1000 గంటలు పర్యవేక్షణ క్రింద పరిచర్య చేసిన తరువాతనే ఆ పట్టము ఇయ్యవలసియుండెను. మన దేశములో నర్సింగు డాక్టరేటు అనగా ముఖ్యముగా పిహెచ్.డి.యే. దానిని పొందినవారు ఎక్కువమంది బోధనలోనికి పోవుచున్నారు. మంచము యొద్ద నిలుచు విద్వాంసురాలు మనకింకను అరుదే.

అయినను మన ప్రాంతము ఈ విషయములో వెనుకబడినది కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వమును యూనిసెఫ్ సంస్థయు హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషనును కలిసి, 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణను మన కరీంనగరములోనే ఆరంభించిరి. మరుసటి సంవత్సరము, 2018 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని ఇట్టి మిడ్‌వైఫరీ సేవల కొరకు మార్గదర్శక సూత్రములు ప్రకటించెను. ఈ పని ఎందుకు అవసరమాయెను? 2019–21 సర్వే ప్రకారము మన రాష్ట్రములో నూరు కాన్పులలో 60కి పైగా కోతతోనే జరిగెను. అవసరమున్న చోట ఆ కోత తల్లిని బ్రదికించును. అవసరము లేని చోట అది పేద కూలి తల్లికి దీర్ఘకాలపు బాధ. ఏది అవసరము, ఏది కాదు అని చెప్పుటకు ప్రసవవేదన యొద్ద ఓపికతో కూర్చుండి, గుర్తులను చూచి, వ్రాసి, లెక్కించు స్త్రీ కావలెను. నిర్గమకాండము మొదటి అధ్యాయములో షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానుల పేర్లు వ్రాయబడియున్నవి. ఫరో పేరు ఏదో అక్కడ వ్రాయబడలేదు. దేవుడు ఎవరి పేర్లను భద్రపరచునో చూచితిరా?

2018–20 లెక్కల ప్రకారము మన రాష్ట్రములో లక్ష సజీవ జననములకు 43 మంది తల్లులు చనిపోయిరి. దేశమంతటి సగటు 97. మనది తక్కువేయని సంతోషింపవచ్చును. అయితే ఆ 43లో ఒకామె మీ వాడకట్టు తల్లియైనచో? ఆమె రక్తస్రావమును ఎంతసేపటికి గుర్తించిరి, బండి ఎంతసేపటికి వచ్చెను, వాగు పొంగిన దినమున ఏ దారిని తీసికొనిపోయిరి అని అడుగువారు కావలెను. 2022 నవంబరులో మంచిర్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది, దేవునికి స్తోత్రము. అయితే వైద్యుడు ఎందరున్నను, ఇరువదినాలుగు గంటలు రోగి యొద్ద నుండునది నర్సే. ఆమె చూచిన సంగతి ప్రశ్నగా మారి, కాగితముమీదికి రానిచో, ఆ సంగతి ఆమెతోనే మరుగైపోవును.

ఇక ఆ పెట్టె తెరచి దరఖాస్తును బయటికి తీయుదము. అది ఏమేమి అడుగుచున్నది? చదివిన చదువుల మార్కుల పట్టికలు, రాష్ట్ర నర్సుల కౌన్సిలులో నమోదైన పత్రము, పని చేసిన అనుభవపు ధ్రువపత్రములు. మన దేశములో పిహెచ్.డి.కైతే ప్రవేశ పరీక్ష, ముఖాముఖి, పరిశోధన చేయదలచిన విషయపు సంక్షేపము, దానికి ఒక మార్గదర్శి. అమెరికాలో డి.ఎన్.పి.కైతే సాధారణముగా అక్కడి రాష్ట్రమొకదాని నర్సు లైసెన్సు కావలెను. దానికి ఎన్‌క్లెక్స్ అను పరీక్ష ఉత్తీర్ణము కావలెను. ఇంగ్లీషు భాషా పరీక్షయు, ఇక్కడి చదువును అక్కడివారు తూచి చూచిన పత్రమును అడుగుదురు. ఇవిగాక ముఖ్యమైనవి రెండున్నవి. ఒకటి, ఈ చదువు నీకెందుకు అని ఆమె స్వహస్తముతో వ్రాయవలసిన వ్యాసము. రెండవది, ఆమెను ఎరిగినవారు వ్రాయు సిఫారసు ఉత్తరములు.

ఓ బిడ్డా, ఆ వ్యాసములో గొప్ప మాటలు వ్రాయకుము. చిన్నప్పటినుండి సేవ చేయవలెనని ఆశించితినని అందరును వ్రాయుదురు. నీవు చూచిన ఒక బాధను వ్రాయుము. కోటపల్లి, వేమనపల్లి పల్లెలనుండి ఆలస్యముగా వచ్చిన గర్భిణిని గూర్చి వ్రాయుము. చక్కెర వ్యాధితో కాలు పుండై, ప్రత్తి చేనులో చెప్పులు లేక నడచి, కాలు పోగొట్టుకొన్న రైతును గూర్చి వ్రాయుము. గని దిగి వచ్చి దగ్గుచున్న కార్మికుని గూర్చి వ్రాయుము. వారి పేర్లు వ్రాయకుము. రోగి రహస్యము నీయొద్ద దాచబడిన సొమ్ము. అయితే ఎంతమంది, ఎప్పుడు, ఏ కారణముచేత, ఏమి చేసియుండినచో తప్పియుండెడిది అని వ్రాయుము. అందుకు నేటినుండియే ఒక చిన్న నోటు పుస్తకము ఉంచుకొనుము. అది నీ లెక్కల పుస్తకము. ఆ ప్రశ్న నీయొద్ద లేనియెడల దరఖాస్తుకు తొందరపడకుము. ప్రశ్న ఉన్నయెడల వెనుకాడకుము.

ఖర్చును గూర్చియు ఒక మాట. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో నేర్పెను. అమెరికాలో పిహెచ్.డి.కి అనేక విశ్వవిద్యాలయములు భత్యమిచ్చి చదివించును. డి.ఎన్.పి.కి చాలవరకు చదువువారే రుసుము కట్టుకొనవలెను. ఈ భేదము తెలియక ఉన్న రెండెకరములు అమ్ముకొనవద్దు. కళాశాలకు గుర్తింపు ఉన్నదా అని స్వయముగా విచారింపుడి. సీటు ఖాయమని చెప్పి ముందుగా సొమ్ము అడుగు మధ్యవర్తులను నమ్మవద్దు. మరియు ఈ పట్టము వైద్యుని పట్టము కాదని ఎరుగుడి. దీనిని పొందిన బిడ్డ నర్సుగానే ఉండును. ఏ దేశములో ఎంతవరకు మందు వ్రాయవచ్చునో ఆ దేశపు చట్టమే నిర్ణయించును.

ఇప్పుడు తండ్రికి జవాబు చెప్పెదను. అయ్యా, డాక్టరు అను మాటకు లాటిను భాషలో మొదటి అర్థము బోధకుడు అని. వైద్యులకు ఆ పేరు తరువాత వచ్చినది. నీ కుమార్తె వైద్యుని కుర్చీని ఆశించుటలేదు. తన సొంత పనిలో నేర్చి నేర్పగలదానిని కావలెనని ఆశించుచున్నది. తల్లీ, నీకును చెప్పెదను. పెండ్లి దేవుని ఏర్పాటే. అయితే ఈ చదువు చదువువారిలో పెండ్లియై, పిల్లలు కలిగి, ఉద్యోగము చేయుచునే చదువువారు అనేకులున్నారు. కావున ఈ రెండింటిలో ఒకటి ఎన్నుకొమ్మని బిడ్డను బలవంతపెట్టకుము. ఆమె చదువును భారముగా గాక వరముగా ఎంచు అల్లుని వెదకుము.

సంఘపెద్దలారా, మీకు చెప్పవలసినది మిగిలియున్నది. బిడ్డ చదువుకొనుటకు దూరదేశము పోయినచో తిరిగి రాదేమో అని మీ భయము. ఆ భయము అకారణమైనది కాదు. వెళ్లినవారు అందరును తిరిగి రాలేదు. ఇక్కడ జీతము తక్కువ, గౌరవము తక్కువ, వార్డులో ఆమె మాటకు విలువ తక్కువ. ఇవి మారనిదే, రమ్మని పిలుచుటకు మనకు నోరెక్కడిది? అయితే వెళ్లకుండ ఆపుటచేత చెన్నూరుకు కలుగు మేలు ఏమియు లేదు. ఆమె ప్రశ్న మన ఊరిలో పుట్టినదైనచో, ఆమె ఎక్కడ చదివినను ఆ ప్రశ్నకు దొరకిన జవాబు మన ఊరిది. స్కడ్డరమ్మ చదువుకొనుటకు సముద్రము దాటిపోయెను, బ్రెకెన్‌రిడ్జమ్మయు దాటిపోయెను. ఇద్దరిని తిరిగి తెచ్చినది తాము చూచిన మరణములే.

కావున సంఘముగా మనము చేయదగిన పనులు కొన్ని కలవు. ఆమె కొరకు ఆదివారమున పేరు పెట్టి ప్రార్థింపుడి. దరఖాస్తు రుసుమునకు, పరీక్ష రుసుమునకు సంఘ నిధిలోనుండి కొంతైనను సహాయము చేయుడి. మందిరపు గోడకు రంగు మరుసటి యేడు వేసికొనవచ్చును. స్త్రీల సమాజములో ఆమెచేత ఆరోగ్య విషయములు మాటాడించుడి. సంఘములో గౌరవింపబడని బిడ్డను లోకము గౌరవింపవలెనని మనము ఎట్లు కోరుదుము? ఆమె గుణమును గూర్చి ఉత్తరము కావలెనన్నచో, కాపరులారా, అర్ధరాత్రియైనను కూర్చుండి వ్రాయుడి. పౌలు భక్తుడు ఫీబేను గూర్చి రోమా సంఘమునకు వ్రాసిన మాటలను మరల చదువుడి. ఆమె ఎవరో చెప్పెను, ఆమె చేసిన పరిచర్యను చెప్పెను, ఆమెకు కావలసిన ప్రతి విషయములోను సహాయపడుడని కోరెను. అది ఒక పరిచారికను దూర పట్టణమునకు పంపుచు సంఘసేవకుడు వ్రాసిన సిఫారసు ఉత్తరమే.

ప్రేమ చాలదా అని అడిగిన ప్రశ్నకు నా జవాబు ముగించెదను. ప్రేమ చాలును, అయితే నిజమైన ప్రేమ నేర్చుకొనుటకు సిగ్గుపడదు, లెక్క చెప్పుటకు భయపడదు. మన సంఘములలో అట్టి ప్రేమగల కుమార్తెలను ప్రభువు లేపునుగాక. వారి కాగితములను పెట్టెలలో మూసిపెట్టకుండునట్లు మన హృదయములను తెరచునుగాక. ఆమేన్.